తెర మీది ఒంగోలు గిత్తకు బరువు ఎందుకు ఉండడం లేదు?

గుండ్లకమ్మ (ఊరు మద్దిపాడు దగ్గర, ఉద్యోగం హైదరాబాదులో)

పోయిన ఆదివారం నాన్నను ఒంగోలు తీసుకువెళ్ళి ఒక కొత్త సినిమా చూపించాను. పేరు చెప్పను, అందులో గ్రాఫిక్స్ చేసినవాళ్ళు నా తోటివాళ్ళే. విరామానికి ముందు ఒక తెల్లగిత్త కట్టు తెంచుకుని తిరునాళ్ళలోకి దూసుకువస్తుంది. ఎదురొచ్చిన బండిని కొమ్ములతో ఎత్తి పడేస్తుంది. హాలంతా ఈలలు. నాన్న నా చెవి దగ్గరికి వంగి, "అన్నీ బాగానే ఉన్నాయి గానీ దానికి బరువు లేదురా" అన్నారు.

నేను పదకొండేళ్ళుగా జంతువుల యానిమేషన్ చేస్తున్నాను. నాన్నకు గ్రాఫిక్స్ అంటే ఏమిటో తెలియదు. నలభై ఏళ్ళు ఎడ్లతో సేద్యం చేశారు, అంతే. మా బృందంలో నెలల తరబడి చర్చించుకున్న లోపాన్ని ఆయన ఒక్క మాటలో పట్టేశారు. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఈ పని తెలియనివాళ్ళ కోసం కొంచెం చెబుతాను. 2011లో కేంద్ర ప్రభుత్వం ప్రదర్శనలకు వాడకూడని జంతువుల జాబితాలో ఎలుగుబంటి, కోతి, పులి, చిరుత, సింహాల సరసన ఎద్దును కూడా చేర్చింది. అందువల్ల సినిమాలో గిత్త పోట్లాడాలంటే నిర్మాతలు ఎక్కువగా మా దగ్గరికే వస్తారు. నోరులేని జీవాన్ని హింసించే పని తప్పింది కాబట్టి నాకిది సంతోషమే. మేము ముందు అస్థిపంజరం కడతాం. దాని మీద కండలు, ఆపైన కొవ్వు, చర్మం, చివరికి వెంట్రుకలు. మూపురం ఊగడానికి, గంగడోలు ఆడడానికి వేరువేరు లెక్కలు ఉంటాయి. ఇంత చేసినా కంప్యూటర్‌లోని గిత్తకు గ్రాము బరువు ఉండదు. గాలిలో వదిలేస్తే గాలిలోనే నిలబడుతుంది. అర టన్ను బరువున్న జీవం నేల మీద నడుస్తోందన్న నమ్మకాన్ని మనిషే సెకనుకు 24 ఫ్రేముల చొప్పున కల్పించాలి.

మీరందరూ సినిమాలు చూసేవాళ్ళు, ఆటలు ఆడేవాళ్ళు, బొమ్మలు వేసేవాళ్ళు. తెర మీద నిజంగా బరువు కనిపించింది ఎక్కడ? అది దేనివల్ల వచ్చిందనుకుంటున్నారు?

పెన్నాతీరం (నెల్లూరు)

నాయనా, నేను ముప్పై మూడేళ్ళు సినిమా హాలులో ఆపరేటరుగా పనిచేశాను. కార్బన్ కడ్డీలు వెలిగించి బొమ్మ వేసిన కాలం నుంచి డిజిటల్ వచ్చేదాకా. నా ఓటు 1957 నాటి మాయాబజార్‌కు.

ద్వారకానగరం గుర్తుందా? అది బొమ్మల ఊరు. కళా దర్శకులు గోఖలే, కళాధర్ సుమారు మూడు వందల చిన్న ఇళ్ళతో, దీపాలతో సహా కట్టించారు. మార్కస్ బార్ట్‌లే కెమెరా పట్టారు. అప్పట్లో కంప్యూటర్ లేదు. ఉన్నదల్లా వెలుతురు, అద్దాలు, ఫిల్మును వెనక్కి తిప్పి మళ్ళీ ఎక్స్‌పోజ్ చేసే ఓపిక. ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు వెళుతుంటే రెండో ఆటకు, మూడో ఆటకు కూడా జనం అదే చోట అలాగే నవ్వేవారు. క్యాబిన్ కిటికీలోంచి నేను తెరను కాదు, ఆ ముఖాలనే చూసేవాణ్ణి.

బరువు సంగతి అడిగావు కాబట్టి చెబుతాను. బొమ్మ ఇల్లు కూలితే అగ్గిపెట్టె పడినట్టు టక్కున పడిపోతుంది. చిన్న వస్తువు పడే దూరం చిన్నది కదా. అందుకే అలాంటివి తీసేటప్పుడు కెమెరాను వేగంగా తిప్పుతారు. అసలులో పదహారో వంతు ఉన్న బొమ్మైతే నాలుగు రెట్ల వేగం, అంటే సెకనుకు 96 ఫ్రేములు. దాన్ని మా యంత్రంలో 24 వేగంతో వేస్తే నింపాదిగా కూలుతుంది, కొండంత బరువు వస్తుంది. ఒక కెమెరామన్ గారు మా హాలుకు ప్రింటు చూసుకోవడానికి వచ్చినప్పుడు ఈ లెక్క నాకు కాగితం మీద వేసి చూపించారు.

ఇంకొక మాట. ఆ సినిమాకు కె.వి. రెడ్డి గారి దగ్గర సహాయకుడిగా పనిచేసిన సింగీతం శ్రీనివాసరావు గారు మన నెల్లూరు జిల్లాలో పుట్టినవారు. చిన్నమయ్య వేషం కట్టిన రమణారెడ్డి గారూ మన జిల్లావారే. సింగీతం గారు 1989లో కమల్‌హాసన్‌ను పొట్టివాడిగా చూపించిన సినిమా తెలుగులో విచిత్ర సోదరులుగా వచ్చింది. మడిచిన మోకాళ్ళకు బూట్లు కట్టారు, కొన్ని షాట్లకు నేలలో గొయ్యి తవ్వి అందులో నిలబెట్టారు. మడతపడిన ఆ కాళ్ళ నొప్పి నిజం, అందుకే ఆ నడక కూడా నిజమనిపించింది.

నల్లరాయి (చీమకుర్తి)

పెద్దాయన అనుభవానికి నమస్కారం. కానీ నేను ఒప్పుకోలేను. పాతవన్నీ గొప్పవి, కొత్తవన్నీ డొల్ల అనడం న్యాయం కాదు. పాత పౌరాణికాల్లో బాణాలకు కట్టిన తీగలు కనిపించేవి, గదలు అట్టముక్కల్లా ఊగేవి. మనం పిల్లలం కాబట్టి పట్టించుకోలేదు. 2012 నాటి ఈగను చూడండి. గోరంత ఈగ, మాట లేదు, ముఖంలో కవళికలు లేవు. అయినా అది గాయపడితే హాలులో జనం అయ్యో అన్నారు. దానికి ప్రత్యేక ప్రభావాలకు జాతీయ పురస్కారం కూడా వచ్చింది. అదంతా కంప్యూటర్ పనే కదా?

గుండ్లకమ్మ గారూ, ఆ హాలులో అందరూ ఈల వేశారని మీరే రాశారు. మీ నాన్నగారు ఒక్కరే పట్టుకున్న లోపానికి నిర్మాత ఎందుకు ఖర్చు పెట్టాలి?

కావలి అమ్మాయి (బెంగళూరు)

నేను ఆటల స్టూడియోలో పనిచేస్తాను. మాకు ఈ బరువు గొడవ రోజూ ఉంటుంది, అదీ ఇంకో రూపంలో.

సినిమావాళ్ళు ఒక్కో ఫ్రేమును గంటల తరబడి రెండర్ చేసుకోగలరు, అంటే కంప్యూటర్ చేత లెక్కలు కట్టించి తుది బొమ్మగా మార్చుకోగలరు. మాకు సెకనుకు 60 ఫ్రేములు కావాలంటే ఒక్కోదానికి దొరికేది పదహారు మిల్లీసెకన్లు చిల్లర. వెంట్రుకలూ కొవ్వూ అంత వివరంగా పెట్టే వీలు లేదు. కానీ అసలు చిక్కు అది కాదు. బరువైన జీవం వెంటనే కదలదు, వెంటనే ఆగదు. ఆడేవాళ్ళేమో మీట నొక్కిన క్షణంలోనే కదలాలంటారు. గిత్తను నిజంలాగా చేస్తే, "మాట వినడం లేదు" అని ఆట పక్కన పెట్టేస్తారు. మాట వినేలా చేస్తే అది దూదిబొమ్మ అయిపోతుంది. మా పనంతా ఈ రెండింటి మధ్య నడక.

1989లో వచ్చిన ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆడినవాళ్ళు ఇక్కడ ఉన్నారా? దాన్ని చేసిన జోర్డన్ మెక్‌నర్ తన తమ్ముణ్ణి పరిగెత్తించి, దూకించి, వీడియో తీసి, ఆ భంగిమలను ఒక్కొక్కటిగా బొమ్మలోకి దించాడు. తెర మీద ఉన్నది నాలుగు రంగుల చుక్కలే. అయినా ఆ మనిషి పరుగు ఆపాలంటే రెండడుగులు జారి ఆగుతాడు, అంచు పట్టుకుని వేలాడితే మనకు చేతులు లాగుతాయి.

దెబ్బలాట ఆటల్లో ఇంకొక ఉపాయం ఉంది. పిడికిలి తగిలిన క్షణంలో రెండు మూడు ఫ్రేములపాటు బొమ్మను పూర్తిగా ఆపేస్తాం. కంటికి ఆగినట్టు తెలియదు, కానీ దెబ్బ బరువు మనసుకు తెలుస్తుంది. గుండ్లకమ్మ గారూ, మీ గిత్త బండిని తాకిన చోట ఒక్క క్షణమైనా ఆగిందా? లేక బండిలోంచి అలాగే దూసుకుపోయిందా?

నల్లరాయి గారికి: ఈగ మీద మీ మాట నిజం. అయితే ఈగకు బరువు అక్కరలేదు, గిత్తకు అది తప్పదు. ఆ సినిమా చేసినవాళ్ళు తమ జీవానికి ఏది ప్రాణమో తెలుసుకుని అది ఇచ్చారు.

గుండ్లకమ్మ

మీ ప్రశ్న చదివి ఆ దృశ్యాన్ని మనసులో మళ్ళీ చూసుకున్నాను. ఆగలేదు. బండి దాని దారికి అడ్డమే కానట్టు వెళ్ళిపోయింది.

పలక (మార్కాపురం, చిత్రలేఖనం ఉపాధ్యాయుడు)

ఇది కంప్యూటర్ సమస్య కాదు, చూపు సమస్య. వందల ఏళ్ళపాటు చిత్రకారులు దౌడుతీసే గుర్రాన్ని ముందుకాళ్ళు ముందుకీ, వెనుకకాళ్ళు వెనక్కీ చాపి గాలిలో తేలుతున్నట్టు వేశారు. 1878లో ఎడ్వర్డ్ మైబ్రిడ్జ్ వరుసగా కెమెరాలు పెట్టి ఫొటోలు తీస్తే తేలిందేమిటంటే, నాలుగు కాళ్ళూ నేల విడిచే క్షణంలో అవి చాచి ఉండవు, పొట్ట కిందికి ముడుచుకుని ఉంటాయి. అంతమంది మహానుభావులు రోజూ గుర్రాలు చూస్తూనే తప్పు వేశారు. చూసి వేసినవాళ్ళు తక్కువ, ఇంకొకరు వేసిన బొమ్మను చూసి వేసినవాళ్ళే ఎక్కువ. ఇప్పుడు మీ స్టూడియోల్లో కూడా ఒక సినిమాలోని ఎద్దును చూసి ఇంకో సినిమా ఎద్దును చేస్తున్నారేమో ఆలోచించండి.

మా పిల్లలకు మొదటి రోజు సుద్దముక్క, పలక ఇచ్చి బండరాయి వేయమంటాను. అందరూ గుండ్రంగా గీస్తారు, అది బంతిలా ఉంటుంది. అప్పుడు రాయి నేలను తాకే చోట మాత్రమే గీతను మందంగా దిద్దమంటాను. అంతే, రాయి నేల మీద కూర్చుంటుంది. బరువు రాయిలో ఉండదు, రాయికీ నేలకూ మధ్య ఉంటుంది.

చిన్నప్పుడు మా ఊళ్ళో తోలుబొమ్మలాట చూశాను. చిల్లులు పొడిచి రంగులద్దిన పలచని తోలు, ఎంత ఉంటుంది బరువు? హనుమంతుడు దూకినప్పుడు ఆడించేవారు కాళ్ళ కింద పెట్టుకున్న చెక్కలను ఒక్కసారిగా తొక్కేవారు. తెర వణికేది. ముందు వరుసలో కూర్చున్న మేము వెనక్కి జరిగేవాళ్ళం. తోలుకు లేని బరువును చెక్క చప్పుడు ఇచ్చేది.

నల్లరాయి

మాస్టారూ, "రాయికీ నేలకూ మధ్య" అన్నారు చూడండి, అక్కడ నా వాదన కొంచెం సడలింది. నేను గ్రానైట్ క్వారీలో పనిచేస్తాను. ఘనమీటరు రాయి రెండు టన్నుల ఏడు వందల కిలోల దాకా తూగుతుంది. పెద్ద దిమ్మెను పడగొట్టినప్పుడు అది సినిమాలో లాగా ఎగిరెగిరి పడదు. పడిన చోటే పడుతుంది. దూరంగా నిలబడితే మొదట అరికాళ్ళకు తెలుస్తుంది, తరువాతే చప్పుడు వస్తుంది, దుమ్ము అన్నిటికంటే చివర లేస్తుంది. సినిమాల్లో ఈ మూడూ ఒకేసారి వస్తాయి. చూసినప్పుడల్లా ఏదో తప్పుగా ఉందనిపించేది, ఏమిటో ఇప్పుడు తెలిసింది.

గుండ్లకమ్మ

నల్లరాయి గారూ, మీరు చెప్పిన వరుసను 1993లో జురాసిక్ పార్క్ వాళ్ళు వాడారు. డైనోసార్ కనిపించకముందే కారులో పెట్టిన గ్లాసులో నీళ్ళు వలయాలు వలయాలుగా కదులుతాయి. కారు కింద గిటారు తీగ బిగించి దాన్ని మీటితే వచ్చిన వలయాలవి. జంతువు రాకముందే దాని బరువు హాలులోకి వచ్చేసింది. ఆ సినిమాలో యంత్రాలతో కట్టిన నిలువెత్తు డైనోసార్ వానలో తడిసి, ఒంటి మీది రబ్బరు నురుగు నీళ్ళు పీల్చుకుని వణికిపోయేదట. ఆరబెట్టి మళ్ళీ తీసేవారు. బరువు అంత నిజమన్నమాట.

ఉదయగిరి కోట (విద్యార్థి)

అన్నా, నేను డిగ్రీ చివరి సంవత్సరం. మా ఇంట్లో చెక్క గరిటెలు, చెంచాలు చెక్కుతారు. నాకు ఈ రంగంలోకి రావాలని ఉంది. నెల్లూరులో ఒక శిక్షణ సంస్థ ఆరు నెలల్లో ఉద్యోగం అంటోంది. ఇప్పుడు యంత్రమే బొమ్మలు తయారుచేస్తోంది కదా, చేరమంటారా?

గుండ్లకమ్మ

తమ్ముడూ, ఆరు నెలల్లో ఉద్యోగం అన్నవాళ్ళకు డబ్బు కట్టే ముందు అక్కడ చదివి పనిలో చేరిన నలుగురితో మాట్లాడు. మొదట దొరికేది ఎక్కువగా రోటో పని. ఫ్రేము ఫ్రేముకూ మనిషి అంచు చుట్టూ గీత గీసి వేరుచేయడం. 1910లలో మాక్స్ ఫ్లైషర్ కనిపెట్టిన పద్ధతికి ఇది వారసత్వం. ఈ పనిని యంత్రాలు వేగంగా నేర్చుకుంటున్నాయి, అది నిజం. కానీ చెక్కను చేత్తో పట్టుకుని ఎటు నార ఉందో చూసి ఉలి పెట్టడం మీ ఇంట్లో నేర్పుతారు. నేను నిన్ను ఉద్యోగంలోకి తీసుకునేవాణ్ణయితే ముందు ఆ గరిటెలే చూపించమంటాను.

ఈ రంగం సంగతి మాత్రం దాచకుండా చెబుతాను. స్టూడియోలు ఒక్కో సినిమాకు ముందే ఒక ధర ఒప్పుకుంటాయి. తరువాత మార్పులు ఎన్ని వచ్చినా ధర చాలావరకు మారదు, ఆ భారం పనిచేసేవాళ్ళ రాత్రుల మీద పడుతుంది. 2013లో లైఫ్ ఆఫ్ పైలో పులిని సృష్టించిన రిథమ్ అండ్ హ్యూస్ సంస్థ ఆస్కార్ అందుకుంది. దానికి సుమారు రెండు వారాల ముందే దివాలా దరఖాస్తు పెట్టుకుంది. దానికి హైదరాబాదులోనూ శాఖ ఉండేది. నిజమైన పులులను గమనించి, నీళ్ళలో తడిసిన వెంట్రుక ఎలా అంటుకుంటుందో కూడా చూసి చేసిన పని అది. ప్రపంచం చప్పట్లు కొట్టింది, చేసినవాళ్ళు ఉద్యోగాలు వెతుక్కున్నారు.

నా సంగతి కూడా చెబుతాను. కొన్నేళ్ళ క్రితం ఒక సినిమాకు ఎద్దుల జతను చేశాను. ఇరవై రోజులు ఇస్తామన్నారు. కథ రెండుసార్లు మారింది, చివరికి మిగిలింది నాలుగు రోజులు. సంస్థ ఖర్చుతో ఒక్కసారి మా ఊరు వెళ్ళి ఎడ్లను వీడియో తీసుకువస్తానని అడిగాను, వద్దన్నారు. ఇంటర్నెట్‌లో దొరికిన విదేశీ ఆబోతుల వీడియోలు చూసి చేశాను. వాటికి మూపురమే లేదు. విడుదలైన రోజు నాన్నను తీసుకువెళ్ళాను. చివర పేర్లు పడుతుంటే జనమంతా లేచి వెళ్ళిపోయారు, నాన్న మాత్రం నా పేరు కోసం కూర్చున్నారు. మా బృందంలో సగం మంది పేర్లు వేయలేదు. నాదీ లేదు. ఆయన ఏమీ అనలేదు. బయటికి వచ్చాక టీ తాగుదామా అన్నారు, అంతే.

నల్లరాయి గారు మొదట అడిగారు కదా, ఒక్కరు పట్టుకున్న లోపానికి ఎందుకు ఖర్చు పెట్టాలని. ఆ ఒక్కరే గిత్తను ఎరిగిన మనిషి. ఆయన నమ్మితే మిగతా అందరూ ఎలాగూ నమ్ముతారు.

పెన్నాతీరం

నాయనా, ఇది చదివాక ఒకటి ఒప్పుకోవాలి. పాత సినిమాల్లో పేర్లన్నీ ముందే పడేవి. తరువాత తరువాత పనివాళ్ళ పేర్లు చివరికి వెళ్ళాయి. అవి మొదలవగానే మేము లైట్లు వేసేవాళ్ళం, కొన్నిసార్లు బొమ్మ కూడా కట్టేసేవాళ్ళం. తరువాతి ఆటకు జనం గేటు దగ్గర నిలబడి ఉండేవారు. అప్పుడు నాకు అది తప్పనిపించలేదు. ఎందరి పేర్లను నా చేత్తో ఆర్పానో ఇప్పుడు తలచుకుంటే బాధగా ఉంది. మీ నాన్నగారికి నా నమస్కారాలు చెప్పు.

ఎడ్లజత (నాగులుప్పలపాడు వైపు)

నాకు సినిమాలు తెలియవు. మా అబ్బాయి ఈ చర్చ చూపించాడు, నేను చెబుతుంటే వాడే టైపు చేస్తున్నాడు. బండలాగుడు పోటీలకు ఎడ్లను కడతాను. ఈ ఏడు ఆరు పళ్ళ విభాగంలో దిగుతున్నాం, ఎడ్లకు పళ్ళను బట్టే వయసు లెక్క.

గిత్త బరువు కాళ్ళలో చూడకూడదు, మెడలో చూడాలి. బండ కదలకముందు గిత్త తల దించుతుంది. కాడి మూపురానికి ఆనుతుంది, మూపురం కొంచెం వెనక్కి ఒరుగుతుంది. అప్పుడు ముందు గిట్టలు విడిపోయి మట్టిలోకి దిగుతాయి. ఆ తరువాత వెనుక కాళ్ళు నెడతాయి. ఇంత జరిగినా బండ ఇంకా కదిలి ఉండదు. ఊపిరి బిగపట్టినంతసేపు అన్నీ ఆగిపోతాయి. కదిలాక గంగడోలు ముందుకు ఊగుతుంది, ఒళ్ళు వెళ్ళిన తరువాత అది వెళుతుంది. నడకలోనైనా వెనుక కాలు, అదే పక్క ముందు కాలు, మళ్ళీ అవతలి వెనుక కాలు, అవతలి ముందు కాలు, ఇదీ వరుస. వెనుక గిట్ట ఇంచుమించు ముందు గిట్ట లేచిన అచ్చులోనే పడుతుంది.

ఇంకొకటి. కోపంతో ఉన్న గిత్త వెంటనే పరిగెత్తదు. పక్కకు తిరిగి తన ఒళ్ళంతా చూపిస్తుంది, రంకె వేస్తుంది, మట్టి గీరుతుంది. తన బరువు ఎంతో ఎదుటివాడికి ముందే చెబుతుంది. సినిమావాళ్ళు దాని చేత చెప్పించకుండానే పరిగెత్తిస్తున్నారు.

కావలి అమ్మాయి

"ఊపిరి బిగపట్టినంతసేపు అన్నీ ఆగిపోతాయి." మేము రెండు మూడు ఫ్రేములు ఆపుతున్నది దీన్నే. పెద్దాయనా, మీరు చెప్పినదాన్ని మా బృందానికి చూపించవచ్చా?

పలక

బ్రెజిల్‌లో ఈ ఒంగోలు జాతి సంతతిని నెలోరె అంటారు. అప్పట్లో ఒంగోలు నెల్లూరు జిల్లాలో ఉండేది కాబట్టి పశువులతో పాటు నెల్లూరు పేరు కూడా సముద్రం దాటింది. సముద్రం అవతలివాళ్ళు వాటిని ఇన్ని తరాలుగా గమనించి పెంచుకుంటుంటే, మూడు గంటల దూరంలో ఉన్న మా మార్కాపురం పిల్లల్లో చాలామంది గిత్తను దగ్గర నుంచి చూడనేలేదు. సంక్రాంతి సెలవుల్లో పదిమందిని పలకలతో తీసుకువస్తాను. ఎడ్లజత గారు ఒప్పుకుంటేనే.

గుండ్లకమ్మ

ఎడ్లజత బాబాయ్, ఇరవై రోజుల పనిని మీరు రెండు పేరాల్లో చెప్పారు. నేను చేసిన ఎద్దులు ముందు కాళ్ళతో మొదలుపెట్టి కదిలాయి, తల చివర దించాయి. అంతా తలకిందులు. ఎవరూ అడగకపోయినా ఈ పనిని నా కోసం మళ్ళీ చేస్తాను. సెలవు పెట్టాను. ఒక కెమెరాను పక్కనుంచి, ఇంకొకదాన్ని నేలకు ఆనించి ముందునుంచి పెట్టి, సెకనుకు 120 ఫ్రేములతో తీస్తాను. కాడి ఆనే చోట మూపురం ఎంత ఒరుగుతుందో తెలియడానికి పసుపుతో చిన్న చుక్కలు పెట్టనిస్తారా? రంగులు వాడను.

ఎడ్లజత

పసుపైతే పెట్టుకోండి, పండుగకు ఎలాగూ పెడతాం. పోటీ రోజు వద్దు, జనం గోలకు బెదురుతాయి. దానికి రెండు రోజుల ముందు తెల్లవారుజామున సాధన చేయిస్తాను, అప్పుడు రండి. మంచు విడిచాక ఎండ వాలుగా పడుతుంది, కండ బాగా కనబడుతుంది. నేల మీద పెట్టే కెమెరాను మాత్రం వాటికి ముందు రోజే ఒకసారి చూపించాలి. మాస్టారు పిల్లలను తెచ్చుకోవచ్చు, కట్టు కొయ్యల ఇవతలే కూర్చోవాలి. మీ నాన్నగారిని తప్పకుండా తీసుకురండి.

గుండ్లకమ్మ

నాన్నకు ఇదంతా చదివి వినిపించాను. వస్తామన్నారు. ఒక్కటే అడగమన్నారు: దాపటి (ఎడమ పక్క) గిత్తకు ఎన్ని పళ్ళు?

ఎడ్లజత

నాలుగు. వలపటిదానికి ఆరు. అది కొంచెం ముందు లాగుతుంది, ఆ సంగతి ఆయనకు చెప్పండి.